ఒక వంటింటి కిటికీ, ఆరు వందల పన్నెండు కిలోల అల్గారిథం

ఇకమీదట ఈ దేశంలో ఏ యంత్రమూ ఏ మనిషినీ కారణం లేకుండా కాదనడానికి వీల్లేదు.

ఈ మహావాక్యం మా చెవిన పడేటప్పటికి నేనూ మా ఆయనా బస్టాపులో ఒకే గొడుగు కింద నిలబడి ఉన్నాం. వాన లేదు. ఎండ కూడా అంతగా లేదు. గొడుగు కింద ఇద్దరం నిలబడితే కాస్త ఇంట్లో ఉన్నట్టుంటుందని వేసుకున్నాం, అంతే.

వార్త మా ఆయన ఫోనులో వచ్చింది. కంపెనీలన్నీ తమ అల్గారిథంలను నియంత్రణ శాఖకు అప్పగించి, అవి ఎవరిని ఎందుకు కాదంటున్నాయో చూపించి తీరాలని ప్రభుత్వం ఆజ్ఞ జారీ చేసిందట. (అల్గారిథం అంటే తెలియనివారు ఇప్పుడు లేరు గానీ, పద్ధతి కోసం చెబుతాను. మనకు ఏది దక్కాలో, ఏది దక్కకూడదో మనకన్నా ముందే తేల్చేసి, ఎందుకో మాత్రం చెప్పని లెక్కల వరస. ఇదివరకు ఈ పని బంధువులు చేసేవారు.)

"పంతులమ్మా! ఇల్లు వచ్చేసినట్టే!" అని మా ఆయన గొడుగు ఊపారు. నేను ప్రెస్సులో ప్రూఫులు దిద్దుతుంటాను. అందుకని ఆయనకు నేను పంతులమ్మని.

"ఇల్లు కాదండీ, కారణం వస్తుంది," అన్నాను, దిద్దడం అలవాటు కనక.

"కారణం తెలిస్తే సరిచేసుకుంటాం. సరిచేసుకుంటే మార్కులొస్తాయి. మార్కులొస్తే ఇల్లొస్తుంది. ఇందులో ఎక్కడైనా తప్పుందా?"

వెతికాను. కనబడలేదు. ఆ సంతోషంలో రెండు బస్సులు వదిలేశాం.

అప్పటికి మా పెళ్లయి ముప్పై ఒక్క రోజులు. నేనుండేది ఆడవాళ్ల హాస్టల్లో. ఆయనుండేది ముగ్గురు బ్రహ్మచారులతో కలిసి ఒకే గదిలో. హాస్టల్ నియమావళి ప్రకారం మగవాళ్లు గేటు దాటకూడదు. భర్తల సంగతి అందులో విడిగా రాయలేదు కాబట్టి భర్త కూడా మగవాడి కిందికే వస్తాడని వార్డెనమ్మ తీర్పు చెప్పింది. ఆయన గదికి నియమాలేవీ లేవు, ముగ్గురు బ్రహ్మచారులున్నారు. అందువల్ల మా సంసారం ఉదయం ఎనిమిదీ పది నుంచి ఎనిమిదీ ముప్పై అయిదు దాకా బస్టాపులోనూ, సాయంత్రం కాపలాదారు విజిలు ఊదేదాకా పార్కు బెంచీ మీదా సాగుతోంది.

మేం చాలా సంతోషంగా ఉన్నామని మనవి. మా ఆయన కళ్లజోళ్ల షాపులో అద్దాలు అరగదీస్తారు. రోజూ పొద్దున్నే బస్టాపులో నా కళ్లజోడు తీసి, జేబులోంచి షాపు గుడ్డ తీసి తుడిచి, వెలుగుకెత్తి చూసి, మళ్లీ నా ముక్కు మీద సరిగ్గా పెడతారు. ఈ ఒక్క పని కోసమైనా పెళ్లి చేసుకోవచ్చని అవివాహితులకు నా సలహా.

ఊళ్లో ఇళ్లు లేక కాదు. ఉన్న ఇళ్లన్నీ 'గూడు' అనే యాప్‌లో ఉన్నాయి. ఇదివరకు గేటుకి టు-లెట్ బోర్డు కట్టేవారు, మనం తలుపు తట్టేవాళ్లం, ఇంటివాళ్లు మనల్ని ఎగాదిగా చూసి కాదనేవారు. ఇప్పుడు ఎగాదిగా చూసే బాధ్యత యాప్ తీసుకుంది. మనకు యోగ్యత మార్కులు వేస్తుంది. నూటికి అరవై వస్తే తాళంచెవి. రాకపోతే ఒక పువ్వు బొమ్మ, దాని కింద ఒక వాక్యం: "మీరు ఈ ఇంటికి సరిపోరు. మాతో ఉన్నందుకు ధన్యవాదాలు."

మా మార్కులు ముప్పై ఎనిమిది.

మేం కోరుకున్న ఇల్లు మూడో అంతస్తులో ఉంది. రెండు గదులు, ఒక వంటిల్లు. యాప్‌లో దానివి ఏడు ఫోటోలు. మొదటి మూడూ గోడలు. అయిదు, ఆరు, ఏడు కూడా గోడలే. నాలుగోది వంటింటి కిటికీ. పొయ్యి గట్టు పక్కన రెండు రెక్కల కిటికీ, ఒక రెక్క కొక్కెం కాస్త వంగి ఉంటుంది. అవతల ఎదురు భవనం మెట్లు, అయిదో మెట్టు మీద మనకు వీపు చూపిస్తూ ఒక పిల్లి. వెలుగు ఏటవాలుగా వచ్చి గట్టు మీద సరిగ్గా రెండు కప్పులు పట్టేంత మేర పడుతుంది. (కప్పులు కొనేశాం. ఒకటి నా హాస్టల్ పెట్టెలో, ఒకటి ఆయన మంచం కింద ఉన్నాయి.)

ఆ ఫోటో మాకు కంఠతా వచ్చు. బస్టాపులో ఒకసారి చూస్తాం. బస్సులో కూర్చున్నాక నేను చూసి ఆయనకు చెబుతాను, ఆయన చూసి నాకు చెబుతారు. ఒంటిగంటకు ఆయన షాపులో, నేను ప్రెస్సులో, భోజనం డబ్బాలు తెరిచి ఒకే క్షణాన నాలుగో ఫోటో కూడా తెరుస్తాం. ఒకే కిటికీ ముందు కూర్చుని తిన్నట్టుంటుంది. గరిటెలు తగిలించే మేకు ఎటుపక్క కొట్టాలని మా మధ్య మొదటి దెబ్బలాట జరిగింది. నేను కుడిపక్క అన్నాను. ఆయన ఫోటో పెద్దది చేసి, గోడలో వెంట్రుక మందాన ఉన్న ఉబ్బు చూపించి, "లోపల నీళ్ల పైపు పోతోంది, ఇక్కడ మేకు కొడితే వంటింట్లో ఈత కొట్టాలి," అన్నారు. అద్దాలు అరగదీసే కళ్లు కదా. ఓడిపోయాను. అంత ఆనందంగా ఇంకెప్పుడూ ఓడిపోలేదు.

అయిదు నెలలుగా ఆ ఇల్లు ఖాళీగానే ఉంది. ఊళ్లో ఎవరికీ అరవై రావడం లేదన్నమాట.

ఆజ్ఞ వచ్చిన రెండో రోజే ఇద్దరం సెలవు పెట్టి నియంత్రణ శాఖకు వెళ్లాం. శాఖ పూర్తి పేరు అల్గారిథంల స్వీకరణ, భద్రత మరియు మౌన నిర్వహణ విభాగం. కొత్త శాఖ కావడం వల్ల దానికి పాత తూనికలు కొలతల ఆఫీసు భవనం ఇచ్చారు. హాలు మధ్యలో పెద్ద త్రాసు అలాగే ఉంది. తీయడానికి కావలసిన అనుమతి ఇంకా దాని బరువెంతో తేలక ఆగిపోయిందట.

కారణాల కౌంటరు దగ్గర టోకెన్ల మేడమ్ ఉన్నారు. మెడలో ఈల, చేతిలో ఊలు అల్లిక. మాకు తొమ్మిదో నంబరు ఫారం ఇచ్చారు. దాని పేరు 'కారణం కోరు దరఖాస్తు'. పదో గడి దాకా సాఫీగా పోయింది. పదకొండో గడిలో ఇలా ఉంది: "మిమ్మల్ని కాదనడానికి గల కారణాన్ని ఇక్కడ రాయండి."

"మేడమ్, ఆ కారణం తెలీకే కదా వచ్చాం," అన్నారు మా ఆయన.

"రాయకపోతే ఏ కారణం గురించి అడుగుతున్నారో మాకెలా తెలుస్తుంది బాబూ?"

"తెలీదు అని రాయొచ్చా?"

"గడి చిన్నది. తెలీదు అని పట్టదు. లేదు అని రాస్తే పడుతుంది. కానీ లేదు అని రాస్తే మీ దరఖాస్తుకి కారణమే లేదని ఫైలు మూసేస్తారు."

"ఏ మహానుభావుడు తయారుచేశాడండీ ఈ ఫారం?"

నేను గొడుగు మడతలు సర్దుకోవడంలో మునిగిపోయాను. ఆ ఫారం అచ్చయింది మా ప్రెస్సులో. ప్రూఫు దిద్దింది నేను. చివర 'తప్పులు లేవు' అని సంతకం పెట్టింది కూడా నేనే. నిజంగానే ఒక్క అచ్చుతప్పు లేదు.

"నువ్వేనా?" అన్నారు మా ఆయన నా మొహం చూసి.

"కామాలన్నీ సరిగ్గా ఉన్నాయండీ," అన్నాను.

టోకెన్ల మేడమ్‌కి నవ్వొచ్చింది. అల్లిక పక్కన పెట్టి, సూదిమొన లాంటి పెన్సిలు తీసి, ఆ గడిలో 'ఏదో' అని తనే రాసిపెట్టారు. "ఏదో ఒకటి ఉంటుంది కదా, అబద్ధం కాదు," అన్నారు. టోకెను నంబరు నూట పద్నాలుగు.

ఆ రోజు మూడున్నర గంటలు కూర్చున్నాం. నేను ఈ శాఖను అన్యాయంగా విమర్శించదలచుకోలేదు. నెత్తిన ఫ్యాను, కూర్చోవడానికి బెంచీ, విజిలు ఊదేవాళ్లు లేరు. (మేడమ్ మెడలో ఈల ఉన్నా, అది టోకెన్లకే.) పెళ్లయ్యాక మా ఇద్దరికీ దొరికిన అతి పొడవైన ఏకాంతం అదే, ఎనభై మంది మధ్య. ఆయన భుజం మీద తల పెట్టుకుని నాలుగో ఫోటో చూశాను. ఆయన నా ఫోనులో చూసి, సరిపోక తన ఫోనులో కూడా చూశారు. మధ్యమధ్య టోకెన్ల మేడమ్‌కి చూపించాం. "పిల్లి బాగుంది," అన్నారావిడ.

సాయంత్రానికి మా మార్కులు ముప్పై మూడు అయ్యాయి.

"కంప్లయింటు పెట్టామని కక్ష కట్టారు," అన్నారు మా ఆయన.

యాప్‌లో సహాయం అనే చోట నొక్కితే ఒక సలహా వచ్చింది: "మీ యోగ్యత పెంచుకోవడానికి మమ్మల్ని తరచుగా సందర్శించండి." సందర్శించాం.

పదో రోజున గూడు కంపెనీ తన అల్గారిథంను ప్రభుత్వానికి సమర్పించింది. రహస్యం లేదు, దాపరికం లేదు, మొత్తం ఇచ్చేసింది, కాగితాల మీద అచ్చు వేసి, ఆవగింజంత అక్షరాలతో, నలభై ఒక్క ట్రంకు పెట్టెల్లో. హాలులో త్రాసు ఎందుకుందో ఆ రోజు అందరికీ అర్థమైంది. పెట్టెలన్నీ తూచారు. ఆరు వందల పన్నెండు కిలోలు. పెట్టెల బరువు తీసెయ్యాలా వద్దా అన్న చర్చ మధ్యాహ్నం దాకా నడిచింది. పెట్టెలు కూడా పారదర్శకతలో భాగమేనని కంపెనీ వాదించడంతో కలిపేశారు. "అందినది, తూచబడినది, చదవబడలేదు" అని రసీదు ఇచ్చారు. మర్నాడు పత్రికల్లో ప్రభుత్వం వారి ప్రకటన వచ్చింది, ఇంత బరువైన నిజాయితీ ఈ ప్రాంతంలో ఇదివరకు నమోదు కాలేదని.

ఇక దాన్ని ఎవరు చదవాలన్నది ప్రశ్న. దీనికి శాఖ నియమావళిలో పద్నాలుగో నియమం ఉంది. అల్గారిథం అర్థం చేసుకోగల వ్యక్తికి దాన్ని ఇవ్వరాదు. అలాంటివాడు వేరే కంపెనీకి అమ్ముకునే ప్రమాదం ఉంది. కాబట్టి అర్థం చేసుకోలేనివారికే ఇవ్వాలి. ఇందుకోసం పరీక్ష పెట్టారు. ఇరవై రెండేళ్లుగా కిరాణా దుకాణాల్లో తూకపు రాళ్లు తనిఖీ చేసిన ఒక పెద్దాయనకు అందులో సున్నా వచ్చింది. మెరిట్ మీద ఎంపికయ్యారు. ఆయన్ను పఠనాధికారి అన్నారు. చదివినది బయట చెప్పనని ప్రమాణం చేయించి, ఆఫీసు వెనకే ఉన్న క్వార్టర్సులో ఒక గది ఇచ్చి, ఆరో నంబరు గదిలో పెట్టెల మధ్య కూర్చోబెట్టారు.

ఈ ఆఫీసరు గారు మంచి మనిషి. నెమ్మదస్తుడు. ఫ్లాస్కులో టీ తెచ్చుకుని మూతలో పోసి మాకూ ఇచ్చేవారు.

"ఏమన్నా తెలిసిందా సార్?" అని మేం అడిగేవాళ్లం.

"రెండో పెట్టెలో ఉన్నానమ్మా. ఇప్పటిదాకా ఒక్క ముక్క అర్థం కాలేదు. అంతా నియమం ప్రకారమే జరుగుతోంది," అనేవారు సంతృప్తిగా.

మూడోవారంలో ఉభయపక్షాల సమావేశం పెట్టారు. కంపెనీ తరఫున పారదర్శకత విభాగాధిపతి వచ్చాడు. గదిలో కూడా నల్లద్దాల కళ్లజోడు తియ్యలేదు. మా ఆయన దాని ఫ్రేము వంకే చూస్తూ కూర్చున్నారు.

"మేం అన్నీ ఇచ్చేశాం మేడమ్. మా దగ్గర దాచుకోవడానికి ఇంకేం మిగల్లేదు," అన్నాడతను.

"మాకు ఆరు వందల కిలోలు వద్దండీ. ఒక్క లైను చాలు. మా మార్కులు ఎందుకు తగ్గుతున్నాయి?"

"అదెలా చెబుతాం మేడమ్? అది మా వంటింటి రహస్యం."

"రహస్యాలు మా దగ్గరా బోలెడున్నాయండీ. వంటిల్లే లేదు."

అతను నవ్వాడు. నవ్వడానికి శిక్షణ పొందిన మనిషి. "చూడండి మేడమ్, నియమం బయటపెడితే జనం దాని ప్రకారం నడుచుకోవడం మొదలుపెడతారు."

"నడుచుకుంటే మంచిదేగా సార్?" అన్నారు మా ఆయన.

"అందరూ మంచిగా నడుచుకుంటే అందరికీ అరవై వస్తుంది. అందరికీ అరవై వస్తే మేం ఎవరిని కాదనాలి? కాదనకపోతే మేమెందుకు? మీరు ఏ షాపులో పని చేస్తారన్నారు?"

"కళ్లజోళ్ల షాపు సార్."

"అక్షరాల చార్టు గోడకి తగిలిస్తారా లేదా?"

"తగిలిస్తాం."

"అది బట్టీ పట్టి వచ్చి, చూపు లేకపోయినా ఉన్నట్టు గడగడా చదివేసేవాళ్లు లేరా?"

"ఉన్నారు సార్. మొన్ననే ఒకాయన డ్రైవింగు లైసెన్సు కోసం చివరి లైను దాకా చదివేసి, వెళ్తూ వెళ్తూ అద్దం తలుపుకి గుద్దుకున్నాడు."

"అదీ! అందుకే మా చార్టు మేం చూపించం," అని అతను వెనక్కి వాలాడు.

మా ఆయన కాసేపు ఆలోచించారు. ఆయన ఆలోచిస్తే ఎడమ కనుబొమ మాత్రం లేస్తుంది. నాకది చాలా ఇష్టం. "బట్టీ పట్టినవాడు తలుపుకి గుద్దుకుంటాడు సార్, అది వాడి ఖర్మ. దానికి మేం ఇంకో చార్టు మారుస్తాం. అంతేగానీ, చార్టే చూపించకుండా, నీకు చూపు లేదు, పో అని ఎవర్నీ పంపలేదు. ఇన్నేళ్లలో ఒక్కర్నీ పంపలేదు."

"బాగా చెప్పావయ్యా," అని కౌంటరు దగ్గర్నుంచి టోకెన్ల మేడమ్ గొంతు వినబడింది. కంపెనీ మనిషి మా ఆయన మాటలు శ్రద్ధగా రాసుకుని, ఇంత విలువైన అభిప్రాయం ఇచ్చినందుకు ధన్యవాదాలు చెప్పి, మా ఇద్దరికీ పువ్వు బొమ్మ ఉన్న చెరో పెన్ను ఇచ్చి వెళ్లిపోయాడు. సమావేశం విజయవంతమైందని మినిట్సులో రాశారు. ఆ విజయానికి గుర్తుగా సాయంత్రం పార్కులో చాలాసేపు నాలుగో ఫోటో చూసుకున్నాం. మర్నాటికి మార్కులు ఇరవై ఏడు.

అప్పటినుంచి మమ్మల్ని మేమే దిద్దుకోవడం మొదలుపెట్టాం. యాప్‌లో మా ఫోటోలో మరీ ఎక్కువ నవ్వుతున్నామని నాకనిపించింది. నవ్వు తగ్గించి ఇంకోటి తీయించుకున్నాం. హాస్టల్ అడ్రసు బాగోలేదేమోనని ప్రెస్సు అడ్రసు పెట్టాను. ఆయన తన వృత్తి దగ్గర 'దృష్టి నిపుణుల సహాయకుడు' అని మార్చారు. పెట్టిన మార్పులన్నీ సరిగ్గా పడ్డాయో లేదో రోజుకి పదిసార్లు యాప్ తెరిచి చూసుకునేవాళ్లం. తెరిచినప్పుడు పనిలో పనిగా కిటికీ కూడా. ఇరవై రెండు. పంతొమ్మిది.

"ఇంకెంత తగ్గుతుందంటారు?" అన్నాను ఒకరోజు.

"సున్నా అయితే మనల్ని పఠనాధికారిగా తీసుకుంటారు. క్వార్టర్సు కూడా ఇస్తారు," అన్నారాయన. నవ్వుకున్నాం గానీ, ఆ రోజు విజిలు మోగాక కూడా కాసేపు లేవలేదు.

ఈలోగా ఆఫీసరు గారి చదువు ఆరో పెట్టె దగ్గర ఆగిపోయింది. ఆవగింజ అక్షరాలు ఆయన కళ్లకు ఆనడం లేదు. కాగితం ముక్కుకి ఆనించి, తల అటూ ఇటూ తిప్పి, ఉత్తరం వాసన చూస్తున్నట్టు చదివేవారు. మా ఆయన చూడలేకపోయారు. అది జాలి కాదు, వృత్తి. బెంచీ మీద కూర్చోబెట్టి, దూరంగా టోకెన్ల బోర్డు మీద నంబర్లు చదివించి, దగ్గరగా రసీదు చదివించి, రెండు రోజుల్లో కొత్త కళ్లజోడు చేసుకొచ్చారు. ఆదివారం కూడా షాపు తెరిపించుకుని తన చేతులతో అరగదీసిన అద్దాలు.

ఆఫీసరు గారు పెట్టుకుని, ఒక కాగితం తీసుకుని, ముక్కుకి ఆనించకుండానే పైనుంచి కింది దాకా చూశారు.

"బాబూ," అన్నారు చివరికి, "ఇవి అక్షరాలయ్యా! నేనింతకాలం గీతలనుకుంటున్నాను."

ఇది లంచం కిందికి వస్తుందా అని టోకెన్ల మేడమ్‌కి ధర్మసందేహం వచ్చింది. నియమావళి తిరగేసి, రిజిస్టరులో ఇలా రాసుకున్నారు: "పఠన సహాయక పరికరం, ఒకటి. దాత: దరఖాస్తుదారు. దీనివల్ల దరఖాస్తుదారుకు ఎలాంటి లాభమూ కలగరాదు." (ఈ నియమం తు.చ. తప్పకుండా అమలైందని ముందుగానే తెలియజేస్తున్నాను.)

ఆ తర్వాత పెట్టెలు చకచకా కదిలాయి. ఎనిమిది, పదమూడు, పంతొమ్మిది. నిన్నటికి మా పెళ్లయి అరవై ఎనిమిది రోజులు. మధ్యాహ్నం ప్రెస్సులో ఉండగా టోకెన్ల మేడమ్ ఫోను చేశారు, "ఆఫీసరు గారు రమ్మంటున్నారు, ఫైలు తేలిందట," అని. నేను చేతిలో ఉన్న ప్రూఫు మీద 'తప్పులు లేవు' అని రాసేసి పరిగెత్తాను. అందులో ఏముందో ఇప్పటికీ తెలీదు. మా ఆయన షాపు కోటుతోనే వచ్చేశారు.

ఆరో నంబరు గదిలో ఆఫీసరు గారు ట్రంకు పెట్టెల మధ్య నిలబడి పుస్తకాలు, ఫ్లాస్కు ఒక సంచిలో సర్దుకుంటున్నారు.

"రండమ్మా, రండి. ఇరవై ఒకటో పెట్టెలో దొరికింది. అంతా లెక్కల భాష, కానీ ఒకచోట మాత్రం కంపెనీలో ఎవరో పుణ్యాత్ముడు మామూలు భాషలో నాలుగు లైన్లు రాసి వదిలేశాడు. మీలాంటివాళ్లకు మార్కులు ఎందుకు తగ్గుతాయో స్పష్టంగా ఉంది."

మా ఆయన నా చెయ్యి పట్టుకున్నారు. ఆఫీసులో పట్టుకోవడం అదే మొదటిసారి.

"ఏంటి సార్ కారణం?"

ఆఫీసరు గారు ఒక కాగితం ఇచ్చారు. శాఖ ముద్రతో ఉన్న ఆర్డరు. "కారణం ఉన్నది. కారణం సక్రమముగానే ఉన్నది. దానిని దరఖాస్తుదారులకు తెలుపుటకు వీలులేదు. ఇంతటితో ఫైలు మూయడమైనది."

"చెప్పరా సార్?"

"ప్రమాణం చేశానమ్మా. నియంత్రణ శాఖకు చూపించాలని ఆజ్ఞ. చూపించారు. మీకు చూపించాలని అందులో లేదు."

ఫోనులో ఆజ్ఞ మళ్లీ తెరిచి చదివాను. నిజమే. నా వృత్తిలో నేను ఆ మాట ముందే పట్టుకోవలసింది.

"మరి మీరెందుకు సార్ సర్దుకుంటున్నారు?" అన్నారు మా ఆయన.

"అర్థమైపోయింది కదయ్యా," అన్నారాయన దిగులుగా. "అర్థమైనవాడు ఈ గదిలో ఉండకూడదు. పద్నాలుగో నియమం. దాచిపెట్టొచ్చు, కానీ ఇరవై రెండేళ్లు తూకాలు చూసినవాణ్ని, మనసొప్పలేదు. నాకు అర్థమైందని రాసిచ్చేశాను. ఉద్యోగం మళ్లీ తూకపు రాళ్ల దగ్గరికి మార్చారు. క్వార్టర్సు ఖాళీ చెయ్యమన్నారు." అంతలోనే ఆయన మొహం వికసించింది. "అయితే ఒక శుభవార్త. నాకు వెంటనే ఇల్లు దొరికిందమ్మా! మూడో అంతస్తు. రెండు గదులు. వంటింట్లో మంచి కిటికీ."



"మెట్ల మీద పిల్లి ఉంటుందా సార్?" అన్నారు మా ఆయన.

"ఉంటుంది. మీ ఫైల్లోదేనయ్యా ఆ ఇల్లు. మీకు రాదని ఆర్డరు మీద సంతకం పెట్టాకే దరఖాస్తు చేశాను. ముందు చేస్తే స్వప్రయోజనం అవుతుంది. పది నిమిషాలు ఆగాను."

"మీకెన్ని మార్కులొచ్చాయి సార్?"

"తొంభై ఆరు," అన్నారు, పరీక్షలో మొదటిసారి పాసైన వాడిలా. "ఫోటోలు ఒక్కసారి తెరిచాను. వెంటనే అడిగేశాను. మళ్లీ తెరవలేదు. చూడాలని మనసు పీకిందమ్మా, అబద్ధమెందుకు, కానీ తెరవలేదు. ఎందుకు తెరవలేదో మాత్రం నన్నడక్కండి. ప్రమాణం చేశాను."

ఆయన తన ప్రమాణాన్ని అక్షరాలా నిలబెట్టుకున్నారు. మేం ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. ఎక్కువసార్లు చూసేవాడు చూపుల మనిషే గానీ తీసుకునే మనిషి కాదని ఆ యంత్రానికి ఎవరో నేర్పారు. ఆ ఇల్లు అన్ని నెలలు ఎందుకు ఖాళీగా ఉందో కూడా అప్పుడు తెలిసింది. ఆ కిటికీ చూసినవాళ్లెవరూ ఒక్కసారితో ఆగి ఉండరు.

"ఒక్క మాట సార్," అన్నారు మా ఆయన. గొంతు మామూలుగానే ఉంది. "కిటికీకి కుడిపక్క మేకు కొట్టకండి. లోపల నీళ్ల పైపుంది."

ఆఫీసరు గారు ఆ మాట చీటీ మీద రాసుకుని జేబులో పెట్టుకున్నారు. కొత్త కళ్లజోడు తీసి మా ఆయన చేతికిచ్చారు. మా ఆయన షాపు గుడ్డతో తుడిచి, వెలుగుకెత్తి చూసి, తిరిగి ఇచ్చారు.

"మీరిద్దరూ తప్పకుండా రావాలి. రేపు నాలుగింటికి టీ. మీరు లేకపోతే నాకా ఇల్లే తెలిసేది కాదు," అన్నారాయన. మనస్ఫూర్తిగానే అన్నారు.

తిరిగి వస్తూ బస్టాపులో గొడుగు వేసుకున్నాం. లెక్క వేశాం. ఇద్దరి ఫోన్లూ కలిపి, బస్సులు, భోజనాలు, బెంచీలు అన్నీ కలిపి, సుమారు రెండు వేల మూడు వందల సార్లు చూశాం. మా కొత్త సంసారంలో ఇంత శ్రద్ధగా చేసిన పని ఇంకోటి లేదు.

"పంతులమ్మా, పెళ్లికి ముందు నన్నెన్నిసార్లు చూశావు?" అన్నారు మా ఆయన.

"ఒక్కసారే. ఎందుకు?"

"అదీ సంగతి. అందుకే దొరికాను."

బస్టాపులో అందరూ తిరిగి చూసేలా నవ్వాను. కాసేపటికి ఆయన నా కళ్లజోడు తీసి మళ్లీ తుడవవలసి వచ్చింది.

కంపెనీలు తమ అల్గారిథంలను ప్రభుత్వానికి చూపించాలా వద్దా అని ఇప్పటికీ పత్రికల్లో చర్చ నడుస్తోంది. చూపించాలనే నేనూ అంటాను. మా విషయంలో చూపించారు, ప్రభుత్వానికి అర్థమైంది, ప్రభుత్వానికి ఇల్లు దొరికింది.

ఈ రోజు నాలుగింటికి వెళ్తున్నాం. పెళ్లయ్యాక ఇద్దరం కలిసి ఒకరింటికి వెళ్లడం ఇదే మొదలు కాబట్టి నాకు పొద్దుట్నుంచీ ఒకటే హడావిడి. ఖాళీ చేతులతో వెళ్తే బాగుండదు, ఆ రెండు కప్పులూ తీసుకెళ్తున్నాం. కిటికీని మాత్రం ఒక్కసారే చూడాలని ఇద్దరం అనుకున్నాం.